రొయ్యల చెరువు కెమెరాకి సెండ్ బఫర్ సెట్ చేస్తున్న ప్రాజెక్టు డైరీ

శనివారం రాత్రి

ముందు సమస్య ఏంటో రాసి పెట్టుకుంటా. భీమవరం దగ్గర బాబాయ్ వాళ్ళ రొయ్యల చెరువు గట్టు మీద ఒక బాక్స్ పెట్టాం కదా, లోపల చిన్న ఏఆర్ఎమ్ బోర్డు, 512 ఎంబీ ర్యామ్, డెబియన్ 12, కెర్నల్ 6.1, నెట్‌కి 4జీ డాంగిల్. కెమెరా ఏరియేటర్ల (నీళ్ళలో గాలి కలిపే మెషీన్లు) వైపు చూస్తుంటుంది, సెన్సార్ నీళ్ళలో డీఓ, అంటే కరిగిన ఆక్సిజన్, చదువుతుంటుంది. రెండూ ఒకే టీసీపీ (డేటాని వరస తప్పకుండా చేర్చే నెట్ పద్ధతి) కనెక్షన్ మీద ముంబైలో ఉన్న మా సర్వర్‌కి వెళ్ళి అక్కణ్ణుంచి బాబాయ్ ఫోన్లోకీ నా ల్యాప్‌టాప్‌లోకీ వస్తాయి. పగలు బానే ఉంటుంది. చీకటి పడి ఊళ్ళో అందరూ ఫోన్లు పట్టుకున్నాక టవర్ మీద లోడ్ పెరిగి అప్‌లింక్ 2 ఎంబీపీఎస్‌కి పడిపోతుంది, అప్పుడు మొదలవుతుంది లేటు.

ఇవాళ బాబాయ్ గట్టు మీద నిలబడి ఫోన్ చేశాడు. "ఒరే, కెమెరా ముందు చెయ్యి ఊపుతున్నా, కనపడతందా?" నా స్క్రీన్ మీద ఖాళీ గట్టు. "ఇంకా ఊపుతున్నావా బాబాయ్?" "ఆపేశాన్రా ఎప్పుడో" అన్నాక అప్పుడు కనపడింది చెయ్యి ఊపడం. పదకొండు సెకన్ల లేటు. కెమెరా సరదాకి పెట్టింది కాదు, డీఓ అన్నిటికంటే తక్కువుండేది తెల్లవారుజామునే, ఆ టైంలో కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే జనరేటర్ వేసేదాకా ప్రతి నిమిషం లెక్కే, పైగా డీఓ అలారం కూడా ఇదే కనెక్షన్లో ఆ వీడియో వెనకే క్యూలో నిలబడి వస్తోంది. వీడియో లేటైతే సర్దుకోవచ్చు, అలారం లేటైతే కుదరదు.

ఫోన్ పెట్టేయకుండానే బోర్డులోకి ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్ళి ఎస్ఎస్ కమాండ్‌తో ఆ కనెక్షన్ తాలూకు సాకెట్‌ని చూశా (టీ, ఎమ్, ఐ మూడు ఆప్షన్లూ కలిపి ఇస్తే మెమరీ, టీసీపీ లోపలి లెక్కలు అన్నీ చూపిస్తుంది, ఈ పనికి ఇంతకంటే మంచి టూల్ నాకు తెలీదు). కంజెషన్ కంట్రోల్, అంటే రద్దీని బట్టి ఎంత పంపాలో తేల్చే పద్ధతి, క్యూబిక్. విండో, అంటే అందినట్టు జవాబు రాకముందే పంపగలిగేది, 400 ప్యాకెట్లు. ఆర్‌టీటీ, అంటే ప్యాకెట్ వెళ్ళి దాని జవాబు తిరిగి రావడానికి పట్టే టైం, 2,200 మిల్లీసెకన్లు, మామూలుగా అయితే ఇదే దారికి 60 ఉంటుంది. సెండ్ బఫర్ (పంపాల్సిన డేటాని కెర్నల్ పెట్టుకునే చోటు) సైజు, అంటే ఎస్‌కేమెమ్ లైన్లో టీబీ అని ఉండేది, 34,81,600. నాట్‌సెంట్ (ఇంకా పంపనిది) దగ్గర 22 లక్షల బైట్లు.

పదకొండు సెకన్లూ ఎక్కడున్నాయో ఈ నాలుగు అంకెల్లోనే ఉంది. 2 ఎంబీపీఎస్ అంటే సెకనుకి రెండున్నర లక్షల బైట్లు. విండోలో ఉన్న 400 ప్యాకెట్లు ఒక్కోటి సుమారు 1,400 బైట్లు, మొత్తం 5.6 లక్షల బైట్లు, అవి బోర్డు దాటి డాంగిల్ బఫర్లో కూర్చున్నాయి, 2.2 సెకన్లు. ఇంకా బోర్డు దాటని 22 లక్షల బైట్లు మన కెర్నల్ లోపలే సెండ్ బఫర్లో ఉన్నాయి, 8.8 సెకన్లు. కలిపితే పదకొండు. అంటే లేటులో ఎక్కువ భాగం టవర్‌ది కాదు, నెట్‌వర్క్‌ది కాదు, మన బోర్డులోదే. చాలామంది ఇలాంటప్పుడు నెట్ స్లో అని వదిలేస్తారు, ఈ ఒక్క లైన్ చూస్తే ఎవరి వాటా ఎంతో తేలిపోతుంది.

ఆదివారం పొద్దున

34,81,600 అనే అంకె ఎక్కడిదో చూశా, ఎందుకంటే అది మనం పెట్టింది కాదు, లినక్స్ తనంతట తాను పెంచుకున్నది. కెర్నల్ సోర్స్‌లో టీసీపీ ఇన్‌పుట్ ఫైల్లో సెండ్ బఫర్‌ని పెంచే ఫంక్షన్ ఒకటి ఉంది, లెక్క సింపులే. ఒక ప్యాకెట్‌కి డేటా, హెడర్లు, ఎస్‌కేబీ (కెర్నల్ ఒక్కో ప్యాకెట్‌ని పెట్టుకునే పెట్టె) తాలూకు సరంజామా అన్నీ కలిపి రెండు ఘాతానికి రౌండ్ చేస్తే 4,096, దానికి ఎస్‌కేబీ స్ట్రక్చర్ 256 కలిపితే 4,352. దీన్ని విండోలో ఉన్న ప్యాకెట్ల సంఖ్యతో గుణించి మళ్ళీ రెండుతో గుణిస్తుంది. 400 × 4,352 × 2 = 34,81,600. బైటుకి బైటు సరిపోయింది! కొత్తగా తెరిచిన సాకెట్‌లో టీబీ 87,040 అని కనపడుతుంది కదా, అదీ ఇదే లెక్క, మొదటి విండో 10 ప్యాకెట్లు కాబట్టి 10 × 4,352 × 2.

రెండుతో ఎందుకు గుణిస్తుందంటే ఒక విండో దారిలో ఉండగా ఇంకో విండోకి సరిపడా డేటా బఫర్లో రెడీగా ఉండాలని, లేకపోతే ఏక్‌లు (అందిందని అవతలి నుంచి వచ్చే జవాబులు) వచ్చినప్పుడు పంపడానికి ఏమీ ఉండక లైన్ ఖాళీగా ఉంటుంది. న్యాయమైన ఆలోచనే. బఫర్‌ని విండోకి కట్టి దానంతటదే పెరిగేలా చెయ్యొచ్చని 1998లో సెమ్కే, మహ్‌దవీ, మాథిస్ పేపర్ రాశారు, అంతకుముందు ఎఫ్‌టీపీ సర్వర్లు నడిపేవాళ్ళు చేత్తో పెట్టుకునేవాళ్ళు. ఇక్కడ చిక్కల్లా ఏంటంటే క్యూబిక్‌కి ప్యాకెట్ పోతే తప్ప రద్దీ ఉందని తెలీదు, డాంగిల్ బఫరేమో చాలా లోతు, ప్యాకెట్ పోదు, విండో పెరుగుతూనే ఉంటుంది, విండో పెరిగిన కొద్దీ దాని వెనక సెండ్ బఫర్ రెట్టింపు సైజులో పెరుగుతుంది. చివరికి ఎప్పుడో ప్యాకెట్ పోయి క్యూబిక్ విండోని 0.7కి తగ్గించి 280 చేసినా సెండ్ బఫర్ మాత్రం తగ్గదు, మెమరీకి ఇబ్బంది వస్తే తప్ప పెరిగింది పెరిగినట్టే ఉంటుంది. మా ప్రోగ్రామ్ ఏమో సాకెట్ చోటు ఇచ్చినంతా రాసేస్తుంది. కెమెరా సగటున 2.5 ఎంబీపీఎస్ ఇస్తుంటే లైన్ 2 మాత్రమే లాగుతుంటే ఆ బఫర్ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది మరి.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా రాసుకోవాలి, మిగతా ప్రాజెక్టు అంతా దీని మీదే. సెండ్ బఫర్ అనేది ఒకే డబ్బాలా కనపడుతుంది గానీ అందులో రెండు వేరే వేరే సరుకులు ఉంటాయి. ఒకటి పంపేసి ఏక్ కోసం ఆగినది, పోతే మళ్ళీ పంపడానికి దాచుకోవాలి కాబట్టి అది ఉండి తీరాలి, ఎంత ఉండాలో కంజెషన్ కంట్రోల్ చెప్తుంది. రెండోది ఇంకా పంపనే లేదు, ఊరికే వంతు కోసం కూర్చుంది. మొదటిది కాలవలో పారుతున్న నీళ్ళు, రెండోది తూము వెనక నిలిచిన నీళ్ళు, రెండింటినీ కలిపి కొలిచి ఒకే అంకె పెడితే ఏదో ఒక వైపు తప్పు పడుతుంది. మొత్తం సైజు తగ్గిస్తే పారేది తగ్గిపోవచ్చు, పెంచితే నిలిచేది పెరిగిపోవచ్చు.

ఆదివారం సాయంత్రం

చెరువు మీద ప్రయోగాలు చెయ్యకూడదు కాబట్టి ఇంట్లో టెస్ట్ బెంచ్ కట్టా. ఒకే డెస్క్‌టాప్ మీద మూడు నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు (ఒకే మెషీన్లో వేరే మెషీన్లలా నడిచేవి), పంపేవాడు, మధ్యలో రౌటర్, తీసుకునేవాడు, వీత్ జతలతో (ఉత్తుత్తి కేబుళ్ళు) కలిపి. స్పీడ్ లిమిట్ రౌటర్ నుంచి రిసీవర్ వైపు వెళ్ళే కాలు మీద టీబీఎఫ్‌తో, డిలే ఏక్‌లు తిరిగొచ్చే కాలు మీద నెటెమ్‌తో.

ఇలాంటి బెంచ్ కట్టేవాళ్ళకి పనికొచ్చే మూడు సంగతులు. నెటెమ్‌ని ఎప్పుడూ పంపే మెషీన్ మీదే పెట్టొద్దు, మధ్యలో రౌటర్ మీద పెట్టాలి, ఎందుకంటే లినక్స్‌లో టీసీపీ స్మాల్ క్యూస్ అని 3.6 నుంచి ఒకటుంది, ఒక సాకెట్ తాలూకు ప్యాకెట్లు కింద క్యూడిస్క్‌లో (బయటికి వెళ్ళే ముందు ప్యాకెట్లు నిలబడే క్యూ), డ్రైవర్లో మరీ ఎక్కువ పేరుకోకుండా ఆపుతుంది, నెటెమ్ డిలే పెట్టినప్పుడు ప్యాకెట్‌ని ఆ లెక్క నుంచి విడదీసేస్తుంది, దాంతో నిజం మెషీన్‌లో జరిగేది ఒకటి, బెంచ్ మీద కనపడేది ఇంకోటి అవుతుంది. రెండోది, నెటెమ్ క్యూ డిఫాల్ట్‌గా 1,000 ప్యాకెట్లే పడుతుంది, 100 ఎంబీపీఎస్‌కి 250 మిల్లీసెకన్ల డిలే అంటే దారిలోనే రెండు వేలకి పైగా ప్యాకెట్లు ఉండాలి, డేటా వెళ్ళే వైపు డిలే పెట్టి లిమిట్ పెంచకపోతే నెటెమే ప్యాకెట్లు పడేస్తుంది, మనమేమో క్యూబిక్‌ని తిట్టుకుంటాం. నేను 20,000 పెట్టా. మూడోది, వీత్ మీద టీఎస్ఓ, జీఎస్ఓ, జీఆర్ఓ (ప్యాకెట్లని ముద్దలుగా కలిపి నడిపే సదుపాయాలు) మూడూ ఈథ్‌టూల్‌తో ఆపేయాలి, లేకపోతే 64 కేబీ ముద్దలు ఒక్కో ప్యాకెట్‌గా లెక్కపడి క్యూ లెక్కలన్నీ పిచ్చి పిచ్చిగా వస్తాయి.

బెంచ్‌కి రెండు సెట్టింగులు రాసి పెట్టా. ఒకటి "చెరువు", 2 ఎంబీపీఎస్, 60 మిల్లీసెకన్లు, రౌటర్‌లో లోతు బఫర్. రెండోది "డల్లాస్". బాబాయ్ ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది, చెరువు బాక్స్‌లోని మెమరీ కార్డు మార్చి తెచ్చి ఇంట్లో ఇంకో బోర్డుకి పెడితే అది రికార్డింగులన్నీ డల్లాస్‌లో మా తమ్ముడి ఇంట్లో ఉన్న స్టోరేజ్ బాక్స్‌కి పంపుతుంది, ఆర్‌టీటీ 250 దాకా ఉంటుంది. రెండు చోట్లా నడిచేది ఒకే సెండర్ ప్రోగ్రామ్, అందుకే ఒక చోట బాగు చేసి ఇంకో చోట పాడు చెయ్యకూడదు.

మంగళవారం, ఆఫీస్ అయ్యాక

నెట్‌లో ఎక్కువ కనపడే సలహా నుంచి మొదలుపెట్టా, సాకెట్‌కి ఎస్ఓ సెండ్‌బఫ్ ఆప్షన్‌తో చిన్న సైజు పెట్టెయ్యడం. 65,536 ఇస్తే కెర్నల్ దాన్ని రెట్టింపు చేసి 1,31,072 చేసుకుంటుంది, ఆ రెట్టింపు ఎస్‌కేబీల ఓవర్‌హెడ్ కోసం, గెట్‌సాక్‌ఆప్ట్‌తో తిరిగి అడిగినా రెట్టింపు అంకే చెప్తుంది. "చెరువు" సెట్టింగులో మంత్రం వేసినట్టు పనిచేసింది, మొత్తం బఫరే 1,31,072 కాబట్టి డాంగిల్‌లోదీ కెర్నల్‌లోదీ కలిపినా సుమారు అర సెకనే.

అదే ప్రోగ్రామ్ "డల్లాస్" మీద నడిపితే 4 ఎంబీపీఎస్. 100 ఎంబీపీఎస్ లైన్ మీద! లెక్క చూస్తే అంతే రావాలి, ఒక ఆర్‌టీటీలో బఫర్ పట్టినంతకంటే ఎక్కువ పంపడం కుదరదు, 1,31,072 బైట్లని పావు సెకనుతో భాగిస్తే సెకనుకి 5.2 లక్షల బైట్లు, 4.2 ఎంబీపీఎస్. ఎస్ఎస్‌లో ఎస్ఎన్‌డీబఫ్ లిమిటెడ్ అని ఒక ఫీల్డ్ వస్తుంది, కనెక్షన్ పని చేసిన టైంలో ఎంత భాగం సెండ్ బఫర్ చాలక ఆగిందో మిల్లీసెకన్లలో, శాతంలో చూపిస్తుంది. దాదాపు మొత్తం టైం అందులోనే ఉంది. ఇంకో ముఖ్యమైన సంగతి, విండో కూడా పెరగడం ఆగిపోయింది. కంజెషన్ విండో నిండా పంపగలిగినప్పుడే కెర్నల్ దాన్ని పెంచుతుంది, విండో నిండకుండా బఫరే అడ్డం పడుతుంటే ఈ కనెక్షన్‌ని ఆపుతున్నది విండో కాదు కదా, పెంచి ఏం లాభం అని వదిలేస్తుంది. అంటే చేత్తో పెట్టిన బఫర్ కంజెషన్ కంట్రోల్‌ని ఒక రకంగా పక్కన కూర్చోబెట్టేస్తుంది, నెట్‌వర్క్ ఎంత మోయగలదో కనుక్కునే అవకాశమే దానికి ఇవ్వదు.

సరే పెద్దది పెడదామని 40 లక్షలు ఇచ్చి చూశా. గెట్‌సాక్‌ఆప్ట్ 4,25,984 అంది. డబ్ల్యూమెమ్ మ్యాక్స్ అనే సిస్‌కంట్రోల్ (కెర్నల్ సెట్టింగు) 2,12,992 దగ్గర ఆపి దాన్ని రెట్టింపు చేసింది. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. ఇంకా పెద్ద నష్టం ఏంటంటే ఎస్ఓ సెండ్‌బఫ్ ఒకసారి పెడితే ఆ సాకెట్‌కి లాక్ ఫ్లాగ్ పడి ఆటోట్యూనింగ్ (బఫర్ తనంతట తాను పెరగడం) ఆగిపోతుంది, ఏమీ పెట్టకపోతే టీసీపీ డబ్ల్యూమెమ్‌లోని మూడో అంకె, డిఫాల్ట్‌గా 41,94,304, దాకా పెరిగేది, పెద్దది కావాలని అడిగితే దానికి పదో వంతు దొరికింది. స్పీడ్ 13 ఎంబీపీఎస్ దగ్గర ఆగింది. పాత సర్వర్ ప్రోగ్రామ్‌లు ఎన్నిట్లోనో ఈ ఒక్క సెట్‌సాక్‌ఆప్ట్ (సాకెట్ ఆప్షన్ పెట్టే) లైన్ ఉంటుంది, అప్పట్లో పెద్ద సైజు కదా అని పెట్టి ఉంటారు, ఇవాళ అదే లైన్ వాటిని కట్టేస్తోంది. మీ కోడ్‌లో ఉంటే తీసేసి కొలిచి చూడండి ముందు.

ఎస్ఓ సెండ్‌బఫ్ వాడకం ఇక్కడితో బంద్. ఆటోట్యూనింగ్ ఉండనివ్వాలి.

గురువారం రాత్రి

అసలు మందు నాట్‌సెంట్ లోవాట్. లినక్స్ నెట్‌వర్క్ కోడ్ రాసే ఎరిక్ డ్యూమజే 2013లో లినక్స్ 3.12లో పెట్టాడు, ఆపిల్ సిస్టమ్‌లలో కూడా ఉంది, ఆపిల్ ఇంజినీర్ స్టూవర్ట్ చెషైర్ 2015లో ఆపిల్ డెవలపర్ల సమావేశంలో స్క్రీన్ షేరింగ్ మీద దీన్ని చూపించాడు, మాది ఇంచుమించు అదే కేసు. ఇది మొత్తం బఫర్ జోలికి పోదు, పంపని భాగానికి మాత్రమే హద్దు పెడుతుంది. డిఫాల్ట్ 4,294,967,295, అంటే హద్దు లేనట్టే. సిస్‌కంట్రోల్‌తో మొత్తం మెషీన్‌కి పెట్టొచ్చు, సాకెట్ ఆప్షన్‌తో ఒక్కో కనెక్షన్‌కీ పెట్టొచ్చు, నేను సాకెట్‌కే పెట్టా.

పని చేసే తీరు బాగా అర్థం చేసుకుని వాడాలి. పంపని బైట్లు హద్దు దాటితే ఈపోల్ (సాకెట్‌లో చోటుందని ప్రోగ్రామ్‌ని లేపేది) ఇక రాయొచ్చు అని చెప్పదు, రాయబోయినా కొత్త బఫర్లు ఇవ్వదు, నాన్‌బ్లాకింగ్ (చోటు కోసం ఆగని) సాకెట్ అయితే ఈఅగైన్, అంటే మళ్ళీ ప్రయత్నించు అనే ఎర్రర్, వస్తుంది. మళ్ళీ లేపేది హద్దుకి సగం కంటే కిందకి దిగాకే. 16,384 పెట్టా కాబట్టి 8,192 కిందకి వచ్చాక లేపుతుంది, 2 ఎంబీపీఎస్‌కి అంటే ఇంకా 33 మిల్లీసెకన్ల సరుకు చేతిలో ఉండగానే, బోర్డు నిద్ర లేచి రాయడానికి అది ఎక్కువే. మామూలుగా అయితే బఫర్లో మూడో వంతు ఖాళీ అయ్యేదాకా లేపదు, 34 లక్షల బఫర్లో మూడో వంతు అంటే పదకొండు లక్షల పైన, ఒక్కసారిగా అంత పోసి మళ్ళీ పడుకోవడం, ఆ ఎగుడుదిగుడు కూడా దీంతో పోయింది.

బెంచ్ మీద నాట్‌సెంట్ 22 లక్షల నుంచి 16 వేల చుట్టుపక్కలకి వచ్చేసింది, 8.8 సెకన్లు పోయి 65 మిల్లీసెకన్లు మిగిలాయి. త్రూపుట్ ఏమీ తగ్గలేదు, అదే 2 ఎంబీపీఎస్ నిండుగా వెళ్తోంది. లైన్‌ని నింపేది విండోలో ఉన్న డేటా, దాని వెనక గుట్టగా పడున్నది కాదు అన్న మాట కళ్ళ ముందు కనపడింది, చాలా సంతోషం వేసింది.

కానీ ఆప్షన్ పెట్టేస్తే అయిపోదు, ప్రోగ్రామ్ మారాలి. ఇంతకుముందు కెర్నల్ మింగేసేది, ఇప్పుడు అది మింగదు కాబట్టి మిగిలిపోయిన ఫ్రేమ్‌లు మన చేతిలోనే ఉంటాయి, ఏం చెయ్యాలో మనమే తేల్చుకోవాలి. అదే దీని గొప్పతనం, కెర్నల్లోకి వెళ్ళిన బైటుని వెనక్కి తీసుకోలేం, వరస మార్చలేం, మన దగ్గరున్న దాన్ని మార్చొచ్చు. రెండు క్యూలు రాశా, చిన్న క్యూలో డీఓ రీడింగులు, అలారాలు, పెద్ద దాంట్లో వీడియో. ఈపోల్ లేపిన ప్రతిసారీ ముందు చిన్న క్యూ ఖాళీ చేస్తాం. ఒక ఫ్రేమ్ సగం రాసి ఈఅగైన్ వస్తే మిగతా సగం రాసే తీరాలి, మధ్యలో వదిలేస్తే అవతల పార్సర్ తప్పిపోతుంది, అందుకని వదిలేయడం ఫ్రేమ్ హద్దు దగ్గరే.

వదిలేయడంలో కూడా ఒక పద్ధతుంది. హెచ్.264 వీడియోలో మధ్య ఫ్రేమ్ ఒకటి తీసేస్తే దాని మీద ఆధారపడ్డవన్నీ చెదిరిపోయి బొమ్మ మసకమసకగా వస్తుంది, కాబట్టి ఒకటి వదిలితే తర్వాతి కీఫ్రేమ్ (దేని మీదా ఆధారపడని పూర్తి బొమ్మ) దాకా అన్నీ వదిలెయ్యాలి. మాది సెకనుకి 15 ఫ్రేమ్‌లు, 30 ఫ్రేమ్‌లకి ఒక కీఫ్రేమ్, అంటే ఘోరంగా పడితే రెండు సెకన్లు బొమ్మ కదలదు, అందుకే వదలడం మొదలుపెట్టగానే ఎన్‌కోడర్‌ని వెంటనే కీఫ్రేమ్ ఇమ్మని అడుగుతున్నా. పెద్ద క్యూలో అర సెకను కంటే పాతది ఉంటే వదిలేయడమే రూలు.

లాగ్‌లో సెకనుకోసారి రెండు అంకెలు కూడా రాయిస్తున్నా, ఎస్ఐఓసీ అవుట్‌క్యూ ఇచ్చేది ఏక్ రానిదీ పంపనిదీ కలిపి, అవుట్‌క్యూఎన్ఎస్‌డీ ఇచ్చేది పంపనిది మాత్రమే. ఈ రెండింటి తేడా చూస్తే డాంగిల్‌లో, దారిలో ఎంతుందో తెలిసిపోతుంది, ఎప్పుడు లేటైనా ఆ లాగ్ తెరిస్తే చాలు.

శనివారం పొద్దున

మిగిలింది డాంగిల్లో కూర్చునే 2.2 సెకన్లు. దీనికి సెండ్ బఫర్ సెట్టింగ్ ఏదీ పనికిరాదు, ఇది పూర్తిగా కంజెషన్ కంట్రోల్ తేల్చాల్సిన విషయం. బోర్డు మీద ఎఫ్‌క్యూ కోడెల్ (క్యూ పేరుకోకుండా చూసే క్యూడిస్క్) పెట్టినా లాభం లేదు, క్యూ పేరుకునేది బోర్డులో కాదు, దాని తర్వాత. మన దగ్గరే లైన్ స్పీడ్ కంటే తక్కువకి షేప్ చేస్తే క్యూ ఇటు వస్తుంది, ఫైబర్‌కి అది మంచి పద్ధతే, 4జీకి మాత్రం గంటకో స్పీడ్, ఏ అంకె పెడతాం?

అందుకని బీబీఆర్ అనే ఇంకో కంజెషన్ కంట్రోల్. గూగుల్ వాళ్ళు 2016లో లినక్స్ 4.9లో పెట్టింది. క్యూబిక్ ప్యాకెట్ పోయేదాకా తోస్తుంది, బీబీఆర్ అలా కాదు, ఏక్‌లు వచ్చే వేగాన్ని బట్టి లైన్ ఎంత లాగుతుందో, కనిష్ఠ ఆర్‌టీటీ ఎంతో రెండూ అంచనా వేసుకుని ఆ వేగంతోనే కొలిచి వదులుతుంది, దారిలో ఉండేది ఆ రెండింటి లబ్ధానికి సుమారు రెట్టింపు దాటనివ్వదు. మా చెరువుకి 2 ఎంబీపీఎస్, 60 మిల్లీసెకన్లు అంటే 15,000 బైట్లు, పది పదకొండు ప్యాకెట్లు. క్యూబిక్ 400 పెట్టుకున్న చోట అసలు కావాల్సింది అంతే! నెట్‌వర్క్ మోయలేనంత పంపితే ఏమవుతుందో 1986లోనే చూశారు, లారెన్స్ బర్కిలీ ల్యాబ్‌కీ యూనివర్సిటీకీ మధ్య 400 గజాల దూరంలో 32 కేబీపీఎస్ వెళ్ళాల్సింది 40 బీపీఎస్‌కి పడిపోయింది, వాన్ జేకబ్‌సన్ దాని మీద కూర్చుని 1988లో కంజెషన్ కంట్రోల్ పేపర్ రాశాడు, బీబీఆర్ రాసిన బృందంలో కూడా ఆయన ఉన్నాడు.

పెట్టడం తేలికే, టీసీపీ కంజెషన్ సాకెట్ ఆప్షన్‌కి బీబీఆర్ అని పేరివ్వాలి. మాడ్యూల్ లోడై ఉండాలి, ప్రోగ్రామ్ రూట్ కాకపోతే అనుమతించిన కంజెషన్ కంట్రోళ్ళ లిస్టు అనే సిస్‌కంట్రోల్లో బీబీఆర్ చేర్చాలి, లేకపోతే పర్మిషన్ ఎర్రర్. పాత కెర్నళ్ళలో ఎఫ్‌క్యూ క్యూడిస్క్ తప్పనిసరి, 4.13 నుంచి టీసీపీ తనే పేసింగ్ (ప్యాకెట్లని ఎడం ఎడంగా వదలడం) చేసుకుంటుంది, అయినా నేను ఎఫ్‌క్యూ పెట్టా. ఇంకో చిన్న సంగతి సోర్స్‌లో కనపడింది, బీబీఆర్ సెండ్ బఫర్‌ని విండోకి రెండు రెట్లు కాకుండా మూడు రెట్లు పెంచమంటుంది. అంటే నాట్‌సెంట్ లోవాట్ లేకుండా బీబీఆర్ ఒక్కటే పెడితే పంపని గుట్ట మళ్ళీ ఉంటుంది, విండో చిన్నది కాబట్టి గుట్ట కూడా చిన్నదే, కానీ ఉంటుంది. ఒకటి కింది క్యూ తీస్తుంది, ఇంకోటి పై క్యూ తీస్తుంది, రెండూ కావాలి.

బెంచ్ మీద ఆర్‌టీటీ 2,200 నుంచి 120 లోపలికి వచ్చింది. ఒక చిన్న కుదుపు మాత్రం ఉంది, బీబీఆర్ పది సెకన్లకోసారి కనిష్ఠ ఆర్‌టీటీ మళ్ళీ కొలవడానికి 200 మిల్లీసెకన్ల పాటు విండోని నాలుగు ప్యాకెట్లకి దించేస్తుంది, లాగ్‌లో ఆ గుంట స్పష్టంగా కనపడుతుంది. చూసేవాళ్ళకి తెలీదు, రిసీవర్లో అంతపాటి బఫర్ ఉంది. చిన్న బఫర్ ఉన్న లింకు మీద బీబీఆర్ మొదటి వెర్షన్ పక్కనున్న క్యూబిక్ కనెక్షన్లని తొక్కేస్తుందనేది తెలిసిన విషయమే, అందుకని దాన్ని మెషీన్ మొత్తానికి పెట్టలేదు, ఆ ఒక్క వీడియో సాకెట్‌కే.

శనివారం రాత్రి

ఇవాళ చెరువు బాక్స్‌లో ఎక్కించా. ఎనిమిదిన్నరకి, టవర్ మీద లోడ్ ఉన్నప్పుడే, బాబాయ్‌ని మళ్ళీ గట్టు మీద నిలబెట్టా. చెయ్యి ఎత్తడం, నాకు కనపడటం ఒక సెకను లోపలే. "ఇప్పుడు నీ ముందే ఉన్నట్టుందిరా" అన్నాడు. పిన్ని పక్కనుంచి అలారం కూడా ఇలాగే వస్తుందా అని అడిగింది, అసలు ప్రశ్న అదే, డీఓ హద్దుని కావాలని పైకి పెట్టి అలారం మోగించి చూపించా, వీడియో నడుస్తుండగానే ఫోన్ వెంటనే మోగింది.

ఆదివారం

డల్లాస్ వైపు. ఇక్కడ నాట్‌సెంట్ లోవాట్ 16,384 పెడితే నష్టమే, 100 ఎంబీపీఎస్‌కి 8 వేల బైట్లంటే ముప్పావు మిల్లీసెకను కూడా లేదు, ఈలోపు ప్రోగ్రామ్ లేచి రాయకపోతే లైన్ ఖాళీ, ఎస్ఎస్‌లో యాప్ లిమిటెడ్ అని పడుతుంది. ఫైల్ పంపేటప్పుడు లేటుతో పనేం లేదు కాబట్టి ఆ కనెక్షన్‌కి లోవాట్ తీసేశా. సెండర్‌లో ఇప్పుడు రెండు మోడ్‌లు, లైవ్ ఒకటి, ఫైల్ ఒకటి.

మరి టీసీపీ డబ్ల్యూమెమ్ మ్యాక్స్ సరిపోతుందా? 100 ఎంబీపీఎస్, 250 మిల్లీసెకన్లు అంటే దారిలో 31.25 లక్షల బైట్లు. 41,94,304లో ఓవర్‌హెడ్ పోను, మూడో వంతు ఖాళీ అయ్యేదాకా లేపదు కాబట్టి అదీ పోను, అంచున వేలాడుతోంది, బెంచ్ మీద ఎస్ఎన్‌డీబఫ్ లిమిటెడ్ అప్పుడప్పుడు కనపడింది కూడా. ఇంటి బోర్డు మీద మ్యాక్స్‌ని 1,67,77,216 చేశా, మొదటి రెండు అంకెలు ముట్టుకోలేదు. ఈ అంకె గరిష్ఠం మాత్రమే, ప్రతి సాకెట్‌కీ అంత ఇచ్చేయరు, ఆటోట్యూనింగ్ అవసరాన్ని బట్టి పెంచుతుంది. ఎస్ఎన్‌డీబఫ్ లిమిటెడ్ పోయింది, దాని బదులు ఆర్‌విండో లిమిటెడ్ కనపడటం మొదలైంది, అంటే ఇప్పుడు అవతలివాడి రిసీవ్ బఫర్ ఆపుతోంది, టీసీపీ ఆర్‌మెమ్ మ్యాక్స్ డిఫాల్ట్ 62,91,456, అందులో సగమే విండోగా చెప్తుంది, 31.45 లక్షలు, ఇదీ అంచే. తమ్ముడికి మెసేజ్ పెట్టా, అక్కడ పొద్దున్నే లేచి మార్చాడు. ఈ రెండు ఫీల్డులూ పక్కపక్కనే చూపించడం ఎంత మంచి పనో, ఎవరి వైపు మార్చాలో వాదన లేకుండా తేలిపోయింది.

చెరువు బోర్డు మీద మాత్రం మ్యాక్స్ పెంచలేదు. అక్కడ కావాల్సింది 15,000 బైట్లు, ర్యామ్ 512 ఎంబీ.

తర్వాతి పని ఎన్‌కోడర్ బిట్‌రేట్. ఇప్పటికి లైన్ పడిపోతే ఫ్రేమ్‌లు వదులుతున్నాం, దానికంటే బిట్‌రేట్ తగ్గించి అన్ని ఫ్రేమ్‌లూ పంపడం మేలు. టీసీపీ ఇన్ఫోలో (కెర్నల్ ఇచ్చే కనెక్షన్ లెక్కలు) డెలివరీ రేట్, అంటే డేటా నిజంగా అందుతున్న వేగం, వస్తుంది, దాంట్లో 80 శాతానికి ఎన్‌కోడర్‌ని పెట్టాలని ప్లాన్. పక్కనే యాప్ లిమిటెడ్ అనే ఫ్లాగ్ కూడా ఉంది, అది పడి ఉంటే ఆ రేట్ లైన్ గురించి చెప్పట్లేదు, మనం అంతే ఇచ్చాం అని చెప్తోంది, దాన్ని చూసి బిట్‌రేట్ తగ్గిస్తే తగ్గుతూనే పోతాం. ఫ్లాగ్ లేనప్పటి శాంపిల్స్‌ని మాత్రమే తీసుకునేలా కోడ్ మొదలుపెట్టా, బెంచ్‌లో స్పీడ్‌ని 4 నుంచి 1 ఎంబీపీఎస్‌కి కిందా మీదా చేసే స్క్రిప్ట్ రాసి ఉంది, వచ్చే శనివారం దాని మీద నడిపి అంకెలు ఇక్కడే రాస్తా.